కడ్డీ మీది రెండు గీతలు

నేను చదివింది కన్నడ మీడియం. తెలుగు ఇంట్లో మాట్లాడేదే గానీ, అక్షరాలు మాత్రం బెంగళూరులో ఉద్యోగానికి చేరినాక నేర్చుకొన్నాను. తప్పులుంటే పెద్దవాళ్లు సరిదిద్దండి.

పోయిన దసరాకి ముందు టెక్సాస్ నుంచి బావ ఫోన్ చేసినాడు. "ఒరే, నువ్వు టెస్టింగోడివి కదా, ఒక మిషను కొనాల. ఏది తీసుకొంటే తప్పులు తక్కువ జరుగుతాయో చూసి చెప్పు" అన్నాడు. ఏం మిషనని అడిగితే తూటాలు చేసే మిషనంట. ఆయన అక్కడ ప్రతి ఆదివారం రేంజికి పోయి రివాల్వరుతో గురి కొడతాడు. పేలినాక మిగిలిన ఇత్తడి గొట్టాలు తెచ్చుకొని, ఇంట్లోనే మళ్లీ నింపుకోవాలని ఆయన ఆలోచన. ఈసారి కొడుకునీ పక్కన కూర్చోబెట్టుకొంటాడంట. నాకు వెంటనే మా చిన్నతాత ఎడమచెయ్యి గుర్తుకొచ్చింది. ఆ చేతికి మూడే వేళ్లు.

తెలియని పిల్లల కోసం చెప్తాను. మన నాగలమడిక ఉత్తర పినాకిని ఒడ్డున ఉంది. సుబ్రహ్మణ్యస్వామి గుడి, పుష్యమాసం షష్ఠికి తేరు, ఇవి అందరికీ తెలుసు. పావగడ తాలూకా పేరుకి కర్ణాటక, చుట్టూ చూస్తే దాదాపు అన్ని దిక్కులా ఆంధ్రా. గుట్టల నుంచి అడవిపందులు దిగితే ఒక్క రాత్రిలో చెనిక్కాయ చేను దున్నేసినట్లు అయిపోతుంది. అందుకే మా తాతకి పంట కాపలా తుపాకి లైసెన్సు ఉండేది. కన్నడలో దాన్ని కోవి అంటారు. మూతి వైపు నుంచి నింపే రకం. మొదట మందు, దానిపైన గుడ్డపీలిక, కడ్డీతో కూరడం, తర్వాత రవ్వలు, మళ్లీ పీలిక. చివరికి కేపు. ఒక్కసారి పేల్చాలంటే ఇంత పని.

మందు అనే మాట చూడండి. తెలుగులో ఒంటికి వేసేదీ మందే, తుపాకిలో వేసేదీ మందే. కన్నడలో కూడా మద్దు అంటే రెండూ. పాతకాలంలో పాటిమట్టి నుంచి తీసే పెట్లుప్పు, గంధకం, బొగ్గు, ఈ మూడూ కలిస్తే తుపాకి మందు. శ్రీరంగపట్నంలో టిప్పు కట్టించిన మందుగిడ్డంగులు ఇప్పటికీ ఉన్నాయి. 2017లో రైలుమార్గం కోసం ఒకదాన్ని కట్టడం కట్టడంగా జరిపినారు. అంత మందమైన గోడలు ఎందుకు కట్టినారంటే, మందు దగ్గర ఒక్క తప్పు జరిగితే దిద్దుకొనేదానికి రెండో అవకాశం ఉండదు.

మా ఇంట్లో ఆ తప్పు జరిగింది మా నాయన అయిదో క్లాసులో ఉన్నప్పుడు. తాత సాయంత్రమే తుపాకి నింపి మంచె మీద పెట్టి, అన్నానికి ఇంటికొచ్చినాడు. కాపలాకి పోయిన చిన్నతాతకి ఆ సంగతి తెలీదు. చీకట్లో పందుల చప్పుడు విని, ఖాళీగా ఉందనుకొని, మళ్లీ నింపినాడు. మందు మీద మందు. గొట్టం చేతి దగ్గరే చీలిపోయింది. రెండు వేళ్లు పోయినాయి, ఎడమచెవి వినపడకుండా పోయింది. "పందులు పోయినాయి, చేను మిగిలింది, వేళ్లే మిగల్లేదు" అని అవ్వ చాలా ఏండ్లు అనేది.

అది మనవాళ్ల తెలివితక్కువ అనుకోకండి. అమెరికా అంతర్యుద్ధంలో 1863 జూలైలో గెటిస్‌బర్గ్ యుద్ధం అయినాక, నేల మీద పడున్న తుపాకులు ఏరి లెక్క రాసినారు. మొత్తం 27,574. వాటిలో సుమారు 24,000 నింపినవి నింపినట్లే ఉన్నాయి. నింపినవాటిలో సగానికి రెండేసి సార్లు నింపినారు. ఒకదాంట్లో ఏకంగా 23 సార్లు. వాళ్లు శిక్షణ పొందిన సైనికులు. భయంలో, గోలలో, పేలిందో లేదో తెలియకుండా కూరుకొంటూ పోయినారు.

తర్వాత తాత ఇంకో తుపాకి తెచ్చుకొన్నాడు. దాని కడ్డీ మీద ఆకురాయితో రెండు గీతలు గీసినాడు. ఖాళీ గొట్టంలో కడ్డీ దించితే మొదటి గీత సరిగ్గా మూతికాడికి వస్తుంది. ఒకసారి నింపినాక దించితే రెండో గీత మూతికాడ ఆగుతుంది. రెండో గీత కూడా పైకి కనిపిస్తే ముట్టుకోకూడదు. ఎవురు నింపినా, ఎవురు చెప్పినా, కడ్డీ దించి చూడకుండా కేపు పెట్టకూడదని ఇంట్లో కట్టు పెట్టినాడు. నేను పదేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తున్నాను. ఇంతకంటే మంచి టెస్టు నేను రాయలేదు.

ఇప్పుడు బావ మిషను సంగతి. అమెరికాలో ఈ అలవాటు ఇంటింటికీ చేరిందానికి ఒక చిత్రమైన కారణం ఉంది. తూటా అడుగున దెబ్బకి అంటుకొనే చిన్న ప్రైమరు ఉంటుంది. 1866లోనే ఇంగ్లండులో బాక్సర్ ఒక రకం, అమెరికాలో బెర్డన్ ఇంకో రకం కనిపెట్టినారు. చివరికి ఇంగ్లండు బాక్సర్‌ది అమెరికాలో నిలిచింది, అమెరికా బెర్డన్‌ది యూరప్‌లో నిలిచింది. బాక్సర్ రకంలో నడిమధ్య ఒకే రంధ్రం. సన్న పిన్నుతో తోస్తే పాత ప్రైమరు ఊడొస్తుంది. అందుకే ఇత్తడి గొట్టాన్ని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు. 1884లో న్యూహావెన్‌లో జాన్ బార్లో పెట్టిన ఐడియల్ కంపెనీ పటకారు లాంటి చేతిపనిముట్టు అమ్మింది. ఆ తర్వాత బల్లకి బిగించే ప్రెస్సులు వచ్చినాయి.

బల్ల ప్రెస్సుల్లో మొదటిది సింగిల్ స్టేజి. హ్యాండిల్ ఒకసారి లాగితే ఒక్క పని. 50 గొట్టాలకీ ముందు ప్రైమరు మార్చి, తర్వాత అన్నిటికీ మందు పోసి, చెక్కపలకలో వరుసగా నిలబెట్టి, దీపం వేసి పైనుంచి చూడొచ్చు. ఒకదాంట్లో మందు రెండింతలుంటే కంటికి తెలుస్తుంది. ప్రోగ్రెసివ్ అంటే కింద గుండ్రటి పలక తిరుగుతూ ఉంటుంది. ఒక్క లాగుకి ఒక గొట్టంలో పాత ప్రైమరు ఊడుతుంది, ఇంకోదాంట్లో మందు పడుతుంది, ఇంకోదాని మీద గుండు కూర్చుంటుంది. అన్నీ నిండినాక ప్రతి లాగుకీ ఒక తూటా. గంటకి వందల్లో వస్తాయి. మందు పడిన గొట్టం కంటి ముందర ఉండేది ఒకటి రెండు సెకన్లే.

బావ చూసిన వాటిలో డిల్లన్ 550కి నాలుగు స్టేషన్లు, పలకని చేత్తో తిప్పాల. డిల్లన్ 750కి, హార్నడీ లాక్‌-ఎన్‌-లోడ్‌కి అయిదేసి స్టేషన్లు, పలక దానంతట అదే తిరుగుతుంది. చేత్తో తిప్పేదాంట్లో మధ్యలో ఎవరన్నా పిలిస్తే, తిప్పడం మర్చిపోయి మళ్లీ హ్యాండిల్ లాగితే, అదే గొట్టంలో రెండోసారి మందు పడుతుంది. అంటే చిన్నతాత కథే. దానంతట అదే తిరిగేదాంట్లో ఆ మరుపుకి చోటు తక్కువ. అయితే ఏదన్నా ఇరుక్కొని సగంలో ఆగితే, ఎక్కడ ఆగిందో చూసుకోకుండా మొదలుపెడితే తప్పు అక్కడ పుడుతుంది.

ఇంకోటి. బావ రివాల్వరు .38 స్పెషల్. ఆ తూటా 1898 నాటిది, నల్లమందు కాలం కొలతలతో చేసింది. నల్లమందు గొట్టం నిండా పట్టేది. ఇప్పటి పొగలేని మందు అడుగున కొంచెమే పోస్తారు. మిగిలిందంతా ఖాళీ. రెండోసారి పడినా పొంగదు, కారదు, చెప్పదు. మందు అసలు పడకపోయినా ప్రమాదమే. ప్రైమరు బలానికే గుండు గొట్టంలోకి పోయి ఇరుక్కొంటుంది, వెనకాల ఇంకోటి పేలిస్తే గొట్టం పగులుతుంది.

అందుకని బావకి ఇట్లా చెప్పినాను. నెలకి వంద తూటాలే కాలిస్తే ప్రోగ్రెసివ్ వద్దు, సింగిల్ స్టేజి చాలు. కాదు, వారానికి మూడు నాలుగు వందలంటే, దానంతట అదే తిరిగే అయిదు స్టేషన్లది తీసుకో. మందు పడిన వెంటనే వచ్చే స్టేషన్‌లో మందు మట్టం చూసే పరికరం పెట్టు. తేడా వస్తే బజర్ కొట్టేవి ఉన్నాయి, హ్యాండిలే ఆపేసేవి ఉన్నాయి. అవి పెద్ద తేడాలే పట్టుకొంటాయి, కాబట్టి పైన దీపం పెట్టి ప్రతి గొట్టంలోకీ తొంగిచూడు. మొదటి నెల ఒక్కసారికి ఒక్క గొట్టమే తిప్పు. ఫోన్ వస్తే, పిల్లోడు పిలిస్తే, పలక మీదున్నవన్నీ తీసేసి మళ్లీ మొదటినుంచి పెట్టు.

"ఇంత చూస్తే స్పీడు యాడుంటుంది రా?" అన్నాడు. కడ్డీ ఫోటో పంపినాను. చిన్నతాత చేతి సంగతి ఆయనకి తెలుసు గానీ, గీతల సంగతి తెలీదంట. కొంచెంసేపు మాట్లాడలేదు. తర్వాత అయిదు స్టేషన్లదే కొన్నాడు, పైన దీపం బిగించి నాకు ఫోటో పెట్టినాడు.

ఇది చదివి మన దేశంలో ఎవరూ ప్రయత్నించకండి. అక్కడ సొంతానికి నింపుకోవచ్చు, అమ్మాలంటేనే లైసెన్సు కావాల. ఇక్కడ 1959 ఆయుధాల చట్టం అయిదో సెక్షన్ ప్రకారం లైసెన్సు లేకుండా తూటా తయారు చేయకూడదు, అమ్మకూడదు, టెస్టు కూడా చేయకూడదు. నా ఉద్యోగం పేరు ఆ సెక్షన్‌లో చూసి నవ్వొచ్చింది. అదే చట్టం పదమూడో సెక్షన్‌లో పంట కాపలాకి మూతినుంచి నింపే తుపాకి అని ప్రత్యేకంగా రాసి ఉంది. మా తాతలాంటి రైతుల కోసం రాసిన వాక్యం అది.

ఆ చేను ఇప్పుడు లేదు. నాగలమడిక హోబళిలో అయిదు ఊళ్ల భూములు సుమారు 13,000 ఎకరాలు సోలార్ పార్కుకి పోయినాయి, 2,050 మెగావాట్లు. మా భూమి కూడా లీజులో ఉంది. కాపాడేదానికి పంట లేదు గనక చిన్నాన్న తుపాకి అప్పజెప్పేసినాడు. కడ్డీ మాత్రం వంటింటి గోడకి ఉంది. మొదట్లో అది చూస్తే నాకు బాధగా ఉండేది, తుపాకే పోయినాక ఇదెందుకని. బావ ఫోన్ తర్వాత ఆ గీతల పక్కన తేదీ తెలిస్తే రాసిపెట్టాలని అనిపించింది. నాయనకీ చిన్నాన్నకీ సరిగ్గా గుర్తు లేదు. అనంతపురం వైపు, హిందూపురం వైపు మన వాళ్లలో ఆ రాత్రి సంగతి విన్న పెద్దవాళ్లు ఎవరన్నా ఉంటే, ఏ ఏడాదో కనుక్కొని నాకు చెప్పండి.