క్లచ్ నబ్జ్ పట్టిన ఉస్తాదులు

రాజమండ్రి, కొవ్వూరుల మధ్య రైలు-రోడ్డు వంతెనను 1974 నవంబరులో రాష్ట్రపతి ఫక్రుద్దీన్ అలీ అహ్మద్ ప్రారంభించారు. అంతకు ముందు మోటారు సైకిలుతో గోదావరి దాటాలంటే పడవో, పంటో దిక్కు. వంతెన వచ్చాక బండ్లకు కొత్త ఇమ్తిహాన్ మొదలైంది. కింద రైలు, పైన రోడ్డు కదా, ఆ ఎత్తుకు ఎక్కాలి. మా మామూకి రాజమండ్రిలో చిన్న షెడ్డు ఉండేది. క్లచ్ మీద అనుమానం ఉన్న బండి ఏదొచ్చినా వెనక ఒక మనిషిని ఎక్కించుకుని వంతెన ఎత్తు మీదికి పోనిచ్చేవారు. "డెల్టా అంతా చదునే బేటా. అబద్ధాలాడే బండి ఎత్తు మీదే దొరుకుతుంది" అనేవారు.

క్లచ్ జారడమంటే ఇంతే. రేజ్ ఇస్తే ఇంజను అరుస్తుంది, బండి ముందుకు రాదు. మూడో గేరులో మెల్లగా పోతూ ఒక్కసారి రేజ్ ఇచ్చి చూడండి. శబ్దం పెరిగి వేగం పెరగకపోతే మర్జ్ అదే. ముదిరితే మాడు వాసన కూడా వస్తుంది. బుల్లెట్‌లో ఇంకో నిషానీ ఉంది. దాని కిక్కు జోరు క్లచ్ గుండానే ఇంజనుకి చేరుతుంది కాబట్టి, క్లచ్ జారితే కాలు తేలిగ్గా కిందికి దిగిపోతుంది, ఇంజను తిరగదు.

ఈ హునర్ మన మొహల్లాలకి బండ్లతో పాటే వచ్చింది. 1955లో మద్రాసులో ఎన్‌ఫీల్డ్ ఇండియా మొదలై బుల్లెట్లు వచ్చాయి. 1960ల మొదట్లో పోలండ్ డిజైనుతో ఎస్కార్ట్స్ వారి రాజ్‌దూత్, మైసూరు నుంచి ఐడియల్ జావా వచ్చాయి. ఆ జావాయే 1973 నుంచి యెజ్డీ. పేరు ఇరాన్‌లోని యజ్ద్ షహర్‌ది. కంపెనీ పెట్టిన ఇరానీ కుటుంబం మూలాలు అటువైపువి. మన ఊళ్లలో సగం మంది దాన్ని ఇంగ్లీషు పేరనుకున్నారు.

యెజ్డీ క్లచ్ ఒక అజూబా. గేరు లివరు కదిపితే చాలు, క్లచ్ దానంతటదే విడుతుంది. చేత్తో లివరు పట్టనక్కర్లేదు. ఈ ఏర్పాటు 1946 నాటి చెకోస్లొవేకియా జావాలోనే ఉంది. దాని ప్లేట్లలో బిరడా ముక్కలుండేవి. సీసా మూతకి పెట్టే బిరడాయే. పోర్చుగల్‌లో, స్పెయిన్‌లో, మొరాకోలో పెరిగే ఒక చెట్టు బెరడు అది. ఒకప్పటి అందులుస్ నేల మీది చెట్టు బెరడు మన కోనసీమలో కొబ్బరికాయల బస్తాలు మోసిందన్న మాట. నూనెలో తడిసినా పట్టు వదలదు. కానీ ఎక్కువ వేడెక్కితే మాడిపోతుంది. సగం క్లచ్ పట్టుకుని బరువు లాగించేవాళ్ల బండ్లలో అదే జరిగేది.

మామూకి పని నేర్పిన ఉస్తాద్ నూర్‌బాషా. ఆయన అబ్బా దూది ఏకిన మనిషి. మిల్లులొచ్చాక ఆ విల్లుకి పని లేకపోయింది, కొడుకు పానా పట్టాడు. విల్లు నారి మోతని బట్టి దూది విడిందో లేదో తెలుసుకునే ఇంట్లో పుట్టాడు కాబట్టే ఇంజను మోత అంత బాగా వినేవాడని మామూ నమ్మకం. నాకు అంత నమ్మకం లేదు గానీ కొట్టిపారేయను.

ఉస్తాద్ ఉసూల్ ఒకటే: చవక ఇలాజ్ ముందు. మొదట కేబుల్. లివరు దగ్గర కాస్త లూజు లేకపోతే లోపల పుష్ రాడ్ ఎప్పుడూ నెడుతూనే ఉంటుంది, స్ప్రింగులు ప్లేట్లను పూర్తిగా నొక్కవు, క్లచ్ జారుతుంది. అడ్జస్టరు రెండు తిప్పులు తిప్పితే నయమయ్యే జబ్బు. పైసా ఖర్చు లేదు. రెండోది నూనె. 1986 ఆగస్టు వరదలాంటిది వచ్చి బండి మునిగితే నూనెలో నీళ్లు చేరి పాల చాయ్‌లా అవుతుంది. దాన్ని తీసేయకుండా బండి నడపకూడదు. ఈ రెండూ సరిగ్గా ఉంటేనే కవరు విప్పడం. స్టీలు ప్లేటుని అద్దం ముక్క మీద పెట్టి చూసేవారు. వంగి ఉంటే ఊగుతుంది. నీలం రంగు తిరిగితే వేడికి మాడిందని. స్ప్రింగులన్నీ పక్కపక్కన నిలబెట్టి, ఒక్కటి పొట్టిగా ఉన్నా సెట్టు మొత్తం మార్చేవారు. కింద వాషర్లు పెట్టి బిగించే జుగాడ్ ఆయనకు నచ్చేది కాదు. క్లచ్ పట్టుకుంటుంది నిజమే, లివరు రాయిలా అవుతుంది, నెలలో కేబుల్ తెగుతుంది.

ఈ తర్తీబ్ ఎందుకంత ముఖ్యమో నాకు అబ్బా సీడీ100 వల్ల తెలిసింది. క్లచ్ జారుతోందని ఒక షాపులో ఇస్తే కిట్ మొత్తం మార్చేశారు. వారానికి మళ్లీ అదే కథ. మామూ దగ్గరికి తోసుకెళ్లాను.

"నూనె ఏది పోశారు?"

"తెలీదు మామూ. కారుకి పోసేదే మంచిదన్నాడు, అదే పోశాడు."

ఆయన నవ్వలేదు. 1985 నుంచి వచ్చిన ఈ హీరో హోండాల్లో ఇంజనుకీ క్లచ్‌కీ నూనె ఒకటే. కారు క్లచ్ నూనెలో ఉండదు. అందుకే కొన్ని కారు నూనెల్లో రాపిడి తగ్గించే మందులు కలుపుతారు. ఇంజనుకి మేలు చేసేవే తడి క్లచ్‌ని జారుస్తాయి. బండి నూనె డబ్బా మీద జాసో ఎంఏ అని ఉంటుంది చూడండి, అది ఉన్నది పోయాలి. మామూ నూనె తీసేసి, ప్లేట్లు విప్పి పెట్రోలుతో కడిగి, సరైన నూనె పోశారు. నా నుంచి నూనె డబ్బులే తీసుకున్నారు. అబ్బా కిట్‌కి పెట్టిన డబ్బు ఆ నెల మా ఇంటి కిరాణా ఖర్చు.

2006 సచార్ కమిటీ నివేదిక, వాహనాల రిపేరు లాంటి సొంత పనుల్లో ముస్లిముల వాటా ఎక్కువని లెక్క కట్టింది. మన పెద్దలు దాన్ని వెనకబాటుకి గుర్తుగా చదివారు. అది నిజమే, షెడ్డుకి పంపిన పిల్లాడు బడికి పోలేదు. మామూ కూడా ఐదో తరగతితో ఆగిపోయారు. ఆ బాధ ఆయనకు ఉంది, అందుకే తన కొడుకులనెవరినీ షెడ్డులోకి రానివ్వలేదు. నేను ఉర్దూ బడి నుంచి తెలుగు డిగ్రీ దాకా చదివి ఎన్నో చరిత్రలు రాశాను, ఆయన తజుర్బా మాత్రం ఒక్క పేజీ రాసుకోలేదు. వినికిడి తగ్గాక ఆయన షెడ్డు మూసేశారు. పోయిన రంజాన్‌కి వెళ్తే నా బండి లివరు రెండు వేళ్లతో కదిపి, "కేబుల్ బిగుసుకుంది, వెళ్లే ముందు సరిచెయ్యి" అన్నారు. పానా ఆయనే తెచ్చి ఇచ్చారు.