మూడు రోజుల పసివాడు, 86 మంది డెలిగేట్లు

1964 జూన్ 2, మంగళవారం. కాలిఫోర్నియాలో అధ్యక్ష అభ్యర్థి ఎంపిక కోసం రిపబ్లికన్ ప్రైమరీ పోలింగ్. మార్చిలో న్యూ హాంప్‌షైర్‌లో మొదలైన సందడి చివరికొచ్చింది. న్యూ హాంప్‌షైర్‌లో గెలిచిందేమో సైగాన్‌లో అమెరికా రాయబారిగా ఉన్న హెన్రీ కాబట్ లాడ్జ్! బ్యాలట్ మీద ఆయన పేరే లేదు. ఓటర్లే చేత్తో రాసి గెలిపించారు.

అరిజోనా సెనేటర్ బ్యారీ గోల్డ్‌వాటర్ అనుచరులు ఆ హడావిడికి దూరంగా, రాష్ట్రాల పార్టీ సభల్లో, జాతీయ సభలో అభ్యర్థిని ఎన్నుకునే డెలిగేట్లను చేరదీసుకుంటూ వచ్చారు. కానీ ఓటర్ల ముందు గట్టి పోటీ ఎదురైనచోట ఆయన ఓడిపోయారు. మే 15న ఆరెగాన్ న్యూయార్క్ గవర్నర్ నెల్సన్ రాక్‌ఫెల్లర్ వశమైంది. ఇక మిగిలిన పెద్ద పందెం కాలిఫోర్నియా. ఒక్క ఓటు ఎక్కువొచ్చినా చాలు, 86 మంది డెలిగేట్లూ గెలిచినవాళ్లకే.

సర్వేల్లో రాక్‌ఫెల్లర్‌దే ముందంజ. డబ్బుకు కొదవ లేదు, చమురు సామ్రాట్ మనవడాయె. అయితే 1962లో విడాకులు తీసుకుని, మరుసటి ఏడాది నలుగురు పిల్లల తల్లి అయిన హ్యాపీ మర్ఫీని పెళ్లాడారు. ఆ కాలపు ఓటర్లకు అది మింగుడుపడలేదు. లాస్ ఏంజెలెస్‌లోని కేథలిక్ విద్యాసంస్థ లయోలా ఆయన ప్రసంగాన్ని రద్దు చేసింది. సరిగ్గా మే 30న, పోలింగ్‌కు మూడు రోజుల ముందు, హ్యాపీ మగబిడ్డను కన్నారు. జనం మరిచిపోతున్న పెళ్లి మళ్లీ పతాక శీర్షికలకెక్కింది.

పోలైనవి దాదాపు 22 లక్షల ఓట్లు. గోల్డ్‌వాటర్ మెజారిటీ సుమారు 68 వేలు.

ఆ ఘనతను పసివాడి ఖాతాలో వేయడం చరిత్రకారులకు సరదా. చెప్పుకోవడానికి బాగుంటుంది మరి. కానీ లాస్ ఏంజెలెస్, ఆరెంజ్ కౌంటీల శివారు కాలనీల్లో వేలాది గోల్డ్‌వాటర్ వాలంటీర్లు గడప గడపా తొక్కి, ఆయన సమర్థకురాలు ఫిలిస్ ష్లాఫ్లీ రాసిన చిన్న పుస్తకాన్ని పంచిపెట్టి కూడగట్టిన బలం లేకపోతే, ఆ పుట్టుక ఒక్కటే ఇంత పని చేసేదా? ఉత్తర కాలిఫోర్నియాలో వెనకబడిన గోల్డ్‌వాటర్‌ను దక్షిణమే గట్టెక్కించింది.

జూలైలో శాన్‌ఫ్రాన్సిస్కో జాతీయ సభలో గోల్డ్‌వాటర్‌కు అభ్యర్థిత్వం దక్కింది. నవంబరులో డెమొక్రాట్ అధ్యక్షుడు లిండన్ జాన్సన్ చేతిలో చిత్తుగా ఓడారు, నెగ్గింది ఆరే రాష్ట్రాలు. ఆ కాలిఫోర్నియా యంత్రాంగం మాత్రం చెదిరిపోలేదు. గోల్డ్‌వాటర్ కోసం ప్రసంగాలు చేసిన సినీనటుడు రొనాల్డ్ రీగన్ 1966లో గవర్నర్ పదవికి దిగారు. ప్రచారం నడపడానికి పెట్టుకున్నది ఎవరినో తెలుసా? 1964లో రాక్‌ఫెల్లర్ తరఫున ఇదే ప్రైమరీని నడిపిన స్పెన్సర్-రాబర్ట్స్ సంస్థను.