రాయి చెప్పిన సాక్ష్యం: అపొలో యాత్రల వివాదంలో దారి తప్పిన చర్చ

అపొలో యాత్రలు జరిగాయా, బూటకమా అన్న వాదంలో ఇరుపక్షాల వారూ దాదాపు అర్ధశతాబ్దంగా ఫొటోల దగ్గరే పోట్లాడుకుంటున్నారు. జెండా ఎందుకు కదిలింది, ఆకాశంలో చుక్కలేవి, నీడలు తలో దిక్కుకు ఎందుకు పడ్డాయి అని ఒకరు అడుగుతారు. మరొకరు ఓపికగా జవాబిస్తారు. మన కళాశాలల్లో వైజ్ఞానిక ఉపన్యాసం ముగిశాక లేచి నిలబడే విద్యార్థి ప్రశ్నలూ ఇవే. శ్రీహరికోట నుంచి మూడు చంద్రయాన్‌లు వెళ్లాక కూడా ప్రశ్న మారలేదు. ఆరు యాత్రలు మోసుకొచ్చిన 382 కిలోల రాతి, మట్టి సంగతి అడిగినవారు నాకు తారసపడలేదు. వేదిక మీది వక్తలు కూడా ఆ ప్రస్తావన తేవడం అరుదు. ఆ లోటే ఈ వ్యాసానికి ప్రేరణ. ఈ వివాదంలో మొదట పిలవవలసిన సాక్షి చంద్రశిల అనీ, ఫొటోను ముందు పెట్టడం వల్లే చర్చ తెగకుండా సాగుతోందనీ ఇక్కడి ప్రతిపాదన.

నిరాకరణవాదం పుట్టుక

ఈ వాదానికి పుస్తకరూపం ఇచ్చినవాడు బిల్ కేసింగ్. శాటర్న్-5 రాకెట్‌కు ఇంజన్లు తయారుచేసిన రాకెట్‌డైన్ సంస్థలో సాంకేతిక రచయితగా పనిచేసి 1963లో బయటికి వచ్చాడు. 1976లో సొంతంగా అచ్చు వేసుకున్న పుస్తకంలో, చంద్రుడి మీదికి ఎవరూ పోలేదని రాశాడు. అంగారక యాత్రను స్టూడియోలో నటింపజేసిన కథతో ‘కేప్రికార్న్ వన్’ సినిమా 1978లో వచ్చింది. 2001లో ఫాక్స్ టెలివిజన్ ప్రసారం చేసిన కార్యక్రమం ఈ అనుమానాన్ని ఇంటింటికీ చేర్చింది. అంతకు ముందు, 1999లో గాలప్ సర్వే చేసినప్పుడు యాత్రలు బూటకమన్న అమెరికన్లు 6 శాతం. నాసా పూర్వ ప్రధాన చరిత్రకారుడు రోజర్ లానియస్ 2010 నాటి వ్యాసంలో ఈ ధోరణిని అమెరికా సమాజపు అపనమ్మకాల చరిత్రలో భాగంగా పరిశీలించాడు. ఆ సామాజిక చరిత్రతో నాకు తగాదా లేదు. నా తగాదా ఖండన రాసినవారితో, ముఖ్యంగా ఫిల్ ప్లెయిట్‌తో.

ప్లెయిట్ పద్ధతి మీద అభ్యంతరం

ఖగోళ శాస్త్రజ్ఞుడు ప్లెయిట్ 2002లో ప్రచురించిన ‘బ్యాడ్ ఆస్ట్రానమీ’లో ఒక అధ్యాయం ఈ వివాదానిదే. ఆ తర్వాత వచ్చిన ఖండనలు చాలావరకు అదే బాటలో నడిచాయి. ఆయన సమాధానాల్లో తప్పులు లేవు. ఎండలో మెరిసే నేలకు సరిపడేలా ఎక్స్‌పోజర్ పెడితే మసక చుక్కలు ఫిల్ముకెక్కవు. జెండా పైఅంచుకు అడ్డకడ్డీ ఉంది. దాన్ని పట్టుకుని తిప్పితే గుడ్డ ఊగింది, ఆ ఊపును ఆపడానికి అక్కడ గాలి లేదు. ఎత్తుపల్లాల నేల మీద నీడలు సమాంతరంగా కనబడవు. భూమి చుట్టూ ఉన్న వాన్ అలెన్ రేడియేషన్ వలయాలను వ్యోమనౌక త్వరగా దాటేసింది. ఇవన్నీ నిజాలే.

నా అభ్యంతరం పద్ధతి మీద. ఫలానా ఫొటోకు సమాధానం చెప్పమని ప్రతివాది అడగ్గానే చెప్పడం మొదలుపెడితే, తరువాతి ఫొటోను ఎంచుకునే హక్కు కూడా అతనికే పోతుంది. అపొలో ఫొటోలు వేలల్లో ఉన్నాయి కనుక వాదానికి ముగింపు ఉండదు. పైగా ఫొటోను సృష్టించవచ్చునన్న సంగతి ప్రేక్షకుడికి అనుభవంలో ఉన్నదే. 1957లో ‘మాయాబజార్’ కోసం మార్కస్ బార్ట్‌లే కెమెరాతో కాయించిన వెన్నెలను కళ్లారా చూసిన తెలుగువాడికి, పన్నెండేళ్ల తర్వాత హాలీవుడ్ చంద్రుణ్ణే తయారు చేసిందంటే నమ్మడం కష్టమేమీ కాదు. ప్లెయిట్‌ను చదివిన పాఠకుడికి కెమెరా గురించి బాగా తెలుస్తుంది, చంద్రుడి గురించి తెలిసేది తక్కువ. టీవీ కార్యక్రమం లేవనెత్తిన ప్రశ్నలకే ఆయన బదులివ్వవలసి వచ్చిందన్నది నిజమే. అయినా ఆ ప్రశ్నల చట్రంలోనే ఉండిపోవలసిన అగత్యం ఆయనకు లేదు.

రాతిలోని జాడలు

అపొలో-11 తెచ్చిన నమూనాలు దాదాపు 21.5 కిలోలు. వాటి మీద జరిగిన తొలి పరిశోధనల ఫలితాలను 1970 జనవరిలో హ్యూస్టన్‌లో జరిగిన సదస్సులో సమర్పించారు. ఆ తరువాతి నమూనాల తునకలు బొంబాయికీ వచ్చాయి. టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫండమెంటల్ రీసెర్చ్‌లో దేవేంద్ర లాల్, నరేంద్ర భండారి ప్రభృతులు వాటిని పరీక్షించారు. వాళ్లు వెతికినవి కాస్మిక్ కిరణాల జాడలు.

సూర్యుడిలో జ్వాలలు రేగినప్పుడు వెలువడే కణాల్లో ఇనుము వంటి బరువైన కేంద్రకాలు కూడా ఉంటాయి. ఆలివిన్, పైరాక్సీన్, ఫెల్డ్‌స్పార్ స్ఫటికాల్లోకి దూసుకుపోయినప్పుడు అవి తమ దారి పొడవునా స్ఫటిక నిర్మాణాన్ని చెడగొడతాయి. ఆ స్ఫటికాన్ని తగిన రసాయనంలో ఉంచితే చెడిన దారి త్వరగా కరిగి సన్నని గీతగా తేలుతుంది. మైక్రోస్కోపు కింద ఆ గీతలను లెక్కపెట్టవచ్చు. సౌరజ్వాలల కణాలు లోతుకు పోలేవు కాబట్టి గీతలు అంచు దగ్గర దట్టంగా ఉండి, మైక్రాన్ల దూరంలోనే పలచబడిపోతాయి. నక్షత్రాంతర సీమల నుంచి వచ్చే కణాల శక్తి ఎక్కువ, వాటి జాడలు సెంటీమీటర్ల లోతుకు దిగుతాయి. ఈ రెండింటినీ కలిపి చదివితే, ఆ రాయి చంద్రుడి ఉపరితలం మీద ఎంతకాలం పడి ఉందో, మట్టి ఎలా కలగలుస్తూ వచ్చిందో అంచనా కట్టవచ్చు. లాల్ బృందం చేసిన పని అదే.

ఈ వివాదంలో దీని బలం ఎంతో గమనించాలి. భూమి మీది రాతికి సౌరజ్వాలల జాడలు అబ్బవు, వాతావరణం వాటిని అడ్డుకుంటుంది. అంచు నుంచి లోపలికి మైక్రాన్ మైక్రాన్‌కూ పలచబడే జాడలను ఒక్కొక్క రేణువులో, ఒక్కొక్క రాతికి ఒక్కొక్క వయసు లెక్కన, కిలోల కొద్దీ మట్టిలో పొందికగా పెట్టడం 1969 నాటి ఏ యాక్సిలరేటర్‌కూ అయ్యే పని కాదు.

దీనికి తోడు ఇంకో సాక్ష్యం ఉంది. మనుషులు లేని సర్వేయర్-3 నౌక 1967 ఏప్రిల్‌లో చంద్రుడి మీద దిగింది. 1969 నవంబరులో అపొలో-12 వ్యోమగాములు దాని దగ్గరికి నడిచి వెళ్లి కెమెరాను విప్పి తెచ్చారు. ఆ కెమెరా గాజు ఫిల్టరులోనూ సౌర కణాల జాడలు దొరికాయి. గాజు అక్కడ ఉన్నది 31 నెలలే. చంద్రశిలల్లోని జాడలు లక్షల ఏళ్లవి. ఎంతకాలం ఎండలో ఉన్నదో కచ్చితంగా తెలిసిన గాజు చేతికందడంతో, రాళ్ల జాడలను పోల్చి చూసుకోవడానికి గట్టి కొలమానం దొరికింది. బూటకమే అయితే ఈ రెండింటినీ వేరువేరుగా కల్పించి, ఒకదానితో ఒకటి సరిపోయేలా చూసుకోవాలి.

బొంబాయి ప్రయోగశాల ఎవరిదన్నది కూడా పట్టించుకోవలసిన విషయమే. 1971 ఆగస్టులో భారతదేశం సోవియట్ యూనియన్‌తో మైత్రీ ఒప్పందం చేసుకుంది. ఆ డిసెంబరులో నిక్సన్ ప్రభుత్వం బంగాళాఖాతానికి యుద్ధనౌకలను పంపింది. అమెరికా గుట్టు కాపాడవలసిన అవసరం మనకు లేని రోజులవి. సోవియట్ శాస్త్రజ్ఞుల చేతిలోనైతే తమ లూనా-16 తెచ్చిన 101 గ్రాముల మట్టి ఉంది. 1971లో ఇరుదేశాలూ నమూనాలు మార్చుకుని పోల్చి చూసుకున్నాయి. మోసం కనిపించి ఉంటే మాస్కో మౌనంగా ఉండేది కాదు. నాసా మాట కన్నా బొంబాయి మైక్రోస్కోపు మాటే బరువైనదని నా అభిప్రాయం.

అంటార్కిటికా వాదం

రాతి ప్రస్తావన వస్తే నిరాకరణవాదులు ముందుగా ఒక కథ చెబుతారు. రాకెట్ నిపుణుడు వెర్నర్ ఫాన్ బ్రౌన్ 1966-67 కాలంలో అంటార్కిటికా వెళ్లాడు, అక్కడ రాలిన చంద్ర ఉల్కలనే ఏరుకొచ్చి చంద్రశిలలని చూపించారు అన్నది ఆ కథ. ఆయన అక్కడికి వెళ్లిన మాట వాస్తవం. మిగిలింది నిలవదు. ఉల్క వాతావరణంలోకి దూసుకొచ్చేటప్పుడు దాని పైపొర కరిగిపోయి నల్లటి పెంకు కడుతుంది. సౌరజ్వాలల జాడలు ఉండేది ఆ పైపొరలోనే. సూక్ష్మ ఉల్కలు తాకి ఏర్పడే, గాజు పూత పూసినట్టుండే బుల్లి గుంటలు ఉండేదీ అక్కడే. అపొలో రాళ్ల మీద ఆ గుంటలు ఉన్నాయి, నల్ల పెంకు లేదు. ఇక చంద్రుడి నుంచి వచ్చిన ఉల్కగా గుర్తించిన మొదటి రాయి అలన్ హిల్స్ 81005. అంటార్కిటికాలో అది దొరికింది 1982 జనవరిలో. దాన్ని చంద్రుడిదని పోల్చుకోగలిగింది కూడా అపొలో రాళ్లతో సరిచూసినందువల్లే. అసలును చూడకుండా నకలును ఏరుకొచ్చారనడం తర్కానికి నిలిచే మాట కాదు.

రోబోలే తెచ్చి ఉండవచ్చన్న వాదం మిగిలింది. సోవియట్ లూనా నౌకలు మూడూ కలిపి తెచ్చింది 326 గ్రాములు. అపొలో-16 తెచ్చిన ఒక్క రాయి బరువే 11.7 కిలోలు.

రేపటి పరికరాలను మోసగించడం

కల్పించిన వస్తువు ఆనాటి పరీక్షలో నెగ్గితే చాలదు, రాబోయే తరాల పరికరాల ముందూ నెగ్గాలి. అపొలో రాళ్లు తొలినాళ్లలో బొత్తిగా తడి లేనివిగా కనబడ్డాయి. 2008లో అల్బెర్టో సాల్ బృందం మరింత సున్నితమైన పరికరంతో పరీక్షిస్తే, అగ్నిపర్వతాల నుంచి పుట్టిన గాజుపూసల్లో మిలియన్‌కు పదుల వంతుల్లో నీటి ఆనవాళ్లు తేలాయి. మరుసటి ఏడాది చంద్రయాన్-1 మీది అమెరికా పరికరం చంద్రుడి ఉపరితలం మీద హైడ్రాక్సిల్, నీటి ఛాయలను పట్టుకుంది. 1969లో ఎవరికీ తెలియని సంగతిని, ఎవరూ కొలవలేని మోతాదులో రాతిలో దాచిపెట్టగల మోసగాడు ఎవరు? అపొలో-17 సీలు వేసి తెచ్చిన మట్టిగొట్టాన్ని తెరిచింది 2022లో. మోసగాడు అప్పటి ప్రయోగశాలలనూ ముందే ఊహించి ఉండాలి.

అపొలో-11 మట్టిలోని చిన్న చిన్న తెల్లటి అనార్థోసైట్ తునకలను చూసి 1970లో జాన్ వుడ్ తదితరులు ఒక ఊహ చేశారు. చంద్రుడు ఒకప్పుడు కరిగిన శిలాద్రవంతో నిండి ఉన్నాడని, తేలికైన ఖనిజాలు పైకి తేలి తెల్లటి పైపొర కట్టాయని ఆ ఊహ సారం. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణ ధ్రువం వైపు, మనుషులు ఎన్నడూ అడుగు పెట్టని చోట దిగింది. ప్రజ్ఞాన్ రోవర్ మీది ఎక్స్-రే పరికరం అక్కడి మట్టిని పరీక్షిస్తే ప్రధానంగా అదే జాతి అనార్థోసైట్ తేలింది. 2024లో ఆ ఫలితాలను ప్రకటించింది అహ్మదాబాద్ ఫిజికల్ రీసెర్చ్ లాబొరేటరీ శాస్త్రజ్ఞులు. లాల్ 1972లో సంచాలకుడిగా వెళ్లింది ఆ సంస్థకే. చైనా చాంగ్-5 నౌక 2020లో తెచ్చిన 1,731 గ్రాముల్లోని రాళ్ల వయసు సుమారు 200 కోట్ల ఏళ్లని తేలింది. ఆ కొత్త వయసును చంద్రుడి కాలక్రమంలో సరైన చోట చేర్చుకోవడానికి శాస్త్రజ్ఞులకు ఆధారమైనది అపొలో రాళ్ల వయసులతో కట్టిన పట్టికే.

మిగిలిన అంశాలు

అపొలో వ్యోమగాములు చంద్రుడి మీద ఉంచిన లేజర్ అద్దాలను నేను సాక్ష్యంగా లెక్కించలేదు, మనుషులు లేని సోవియట్ లూనోఖోద్ బళ్ల మీదా అలాంటివి ఉన్నాయి కనుక. నెదర్లాండ్స్ మ్యూజియంలో చంద్రశిలగా దాచుకున్నది శిలగా మారిన చెక్క అని 2009లో తేలింది గానీ, అది పూర్వ ప్రధాని ఒకరి వస్తువుల్లోంచి వచ్చినది, హ్యూస్టన్ నుంచి పరిశోధకులకు పంపే నమూనా కాదు. అమెరికా ఆర్బిటర్, మన చంద్రయాన్-2 తీసిన అపొలో స్థలాల చిత్రాలు విలువైనవే, అయితే ఫొటోను నమ్మనివాడు ఇంకో ఫొటోను మాత్రం ఎందుకు నమ్ముతాడు?

ఫలితాంశం

పై పరిశీలనను బట్టి నేను రెండు మాటలు నిశ్చయంగా చెప్పగలను. అపొలో నమూనాలు చంద్రుడి ఉపరితలం నుంచి తెచ్చినవే. వాటి రాశిని, వైవిధ్యాన్ని, సర్వేయర్ కెమెరాను కలిపి చూస్తే తెచ్చింది మనుషులే. నిరాకరణవాదం ఇంతకాలం బతకడానికి కేసింగ్ చేసిన ప్రచారంతో పాటు విజ్ఞాన రచయితల ఫొటో వ్యామోహమూ ఒక కారణమని నా అభిప్రాయం. మొదటి రోజు నుంచీ రాతిని ముందు పెట్టి ఉంటే ఈ వాదం ఇంతగా పెరిగేది కాదేమో. 

తెలుగులో విజ్ఞాన శాస్త్రం రాసేవారికీ, బోధించేవారికీ నా విన్నపం ఒకటే. జెండా గురించి అడిగిన విద్యార్థికి జెండా సంగతి ఒక్క ముక్కలో చెప్పి, వెంటనే బొంబాయిలో పరీక్షించిన రాళ్ల సంగతి ఎత్తండి. అపొలో నమూనాలు చాలావరకు హ్యూస్టన్‌లో ఉన్నాయి, పరిశోధకులకు ఇప్పటికీ ఇస్తూనే ఉన్నారు. 382 కిలోలకు జవాబు చెప్పుకోవలసిన భారం ఇక నిరాకరించేవారిదే.