మన్నార్ సింధుశాఖలో యాదృచ్ఛికంగా పట్టుబడే అలంకార చేపలు

భారత, శ్రీలంక తీరాల మధ్యనున్న మన్నార్ సింధుశాఖలో ఆహారపు చేపల కొరకు వేసిన వలలలోను, బోనులలోను పగడపు దిబ్బల అలంకార చేపలు కూడా పడుతుంటాయి. ఇలా కోరిన చేపలతో పాటు కోరకుండా పడే జీవరాశిని అనుబంధ పట్టు అంటారు. సీతాకోకచిలుక చేప, ఏంజెల్ చేప, సర్జన్ చేప, ట్రిగ్గర్ చేప వీటిలో కొన్ని. ఎలాగూ చనిపోయే ఈ చేపలను అక్వేరియంల వారికి అమ్మితే దిబ్బకు నష్టం లేదని ఒక వాదన ఉంది. ఇది కొంతవరకే నిజం.

నేపథ్యము

తమిళనాడు తీరంలో రామేశ్వరం నుండి తూత్తుకుడి వరకు 21 దీవులు, వాటి చుట్టూ పగడపు దిబ్బలు ఉన్నాయి. ఈ ప్రాంతాన్ని 1986లో సముద్ర జాతీయ ఉద్యానవనంగా ప్రకటించారు. ఉద్యానవనంలో చేపలు పట్టడం నిషిద్ధం. 2010, 2016 సంవత్సరాలలో సముద్రజలాలు వేడెక్కి ఇక్కడి పగడాలు తెల్లబారాయి. పగడాలనే తిని బ్రతికే చేపలకు ఇది పెద్ద దెబ్బ.

పట్టే సాధనము

చేప బ్రతికేదీ లేనిదీ ముఖ్యంగా సాధనాన్ని బట్టి ఉంటుంది. కీళక్కరై ప్రాంతపు జాలరులు కొమ్మలు, ఈనెలతో అల్లిన బోనులను దిబ్బల నడుమ దింపుతారు. వీటిని తమిళంలో 'కూడు' అంటారు. బోనులో చేప ప్రాణంతోనే ఉంటుంది. పనికిరాని దానిని తిరిగి వదలవచ్చు. అయితే పగడాల మీదనే దింపిన బోను వాటిని విరుస్తుంది. తాడు తెగి అడుగున మిగిలిపోయిన బోను, ఎవరూ తీయకపోయినా చేపలను పడుతూనే ఉంటుంది.

ట్రాల్ వల సంగతి వేరు. గంటల తరబడి లాగే ఆ వలలో చిన్న చేపలు నలిగిపోతాయి. పైగా, చాలా దిబ్బ చేపల గాలితిత్తిలోని వాయువు త్వరగా బయటకు పోలేదు. 10 మీటర్ల లోతులో పీడనం ఉపరితలానికి రెట్టింపు కనుక, అక్కడి నుండి ఒక్కసారిగా పైకి లాగితే ఆ వాయువు సుమారు రెండింతలకు ఉబ్బుతుంది. అట్టి చేపను నీటిలో వదలినా మునగలేక తేలిపోవచ్చు.

వ్యాపారముతో చిక్కు

కోరకుండా పడిన చేపకు మంచి ధర పలికితే, మరునాడు దాని కొరకే బోను దింపడం సహజం. అప్పుడు దానిని అనుబంధ పట్టు అనడం పేరుకే. జాలరిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. పేద కుటుంబానికి అదొక అదనపు ఆదాయం. కాని ఏ చేప ఏ సాధనంలో, ఎక్కడ పడిందో నమోదు కాకపోతే, అనుకోకుండా పడినదానిని కావాలని పట్టినదాని నుండి వేరు చేయలేము. పగడాలను మాత్రమే తినే సీతాకోకచిలుక చేపల విషయంలో ఈ అమ్మకం మరీ వ్యర్థం. అవి తొట్టిలో వేరే మేత ముట్టక తరచు చనిపోతాయి.

చట్టము

సముద్రపు గుర్రాలను 2001లో వన్యప్రాణి సంరక్షణ చట్టపు షెడ్యూలులో చేర్చారు. వీటి అమ్మకం నేరమయింది, కాని ట్రాల్ వలలలో పడడం ఆగలేదు. వల పైకి వచ్చేసరికే చనిపోయిన జీవిని చట్టం బ్రతికించలేదు గదా! వల వేయడాన్నే ఆపే ఏర్పాటు దీనికంటే మేలు. ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు తూర్పు తీరంలో మరపడవల వేట నిషిద్ధం. ఆంధ్రప్రదేశ్ తీరానికీ ఇదే గడువు వర్తిస్తుంది.

ప్రత్యామ్నాయము

1947లో ప్రారంభమైన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధనా సంస్థ, క్లౌన్ చేపలను తొట్లలో పొదిగించి పెంచే పద్ధతులను రూపొందించింది. క్లౌన్ చేప గుడ్లను రాతికి అంటించి కాపలా కాస్తుంది కనుక ఇది సాధ్యమయింది. సీతాకోకచిలుక చేపల గుడ్లు నీటిలో తేలుతూ పోతాయి, వాటి సూక్ష్మమైన పిల్లలు వారాల తరబడి నడిసంద్రంలో తిరుగుతాయి. అందువలన వాటిని తొట్లలో పెంచడం కష్టం.