దత్తమండలమున వీథిబడి గణితము: భిన్నముల బోధన

ఆంధ్ర వాఙ్మయమున గణితమునకు గల స్థానమును గూర్చి ప్రస్తావన వచ్చినప్పుడెల్ల పావులూరి మల్లన పేరు స్మరింపబడును. క్రీ. శ. 9వ శతాబ్దిలో రాష్ట్రకూట ప్రభువగు అమోఘవర్షుని కాలమున మహావీరాచార్యుడు సంస్కృతమున రచించిన గణితసారసంగ్రహమును మల్లన తెనుగు పద్యములలోనికి దెచ్చెను. భిన్నములను గూడుటకై హరముల కనిష్ఠ సామాన్య గుణిజమును ‘నిరుద్ధ’మను పేర వాడిన మూలగ్రంథమది. అయితే పండితులు పఠించిన శాస్త్ర మొకటి. పల్లెబడులలో బాలురు వల్లించిన లెక్క మఱియొకటి. ఈ రెండవదానికి మన సాహిత్య చరిత్రలలో దొరకిన చోటు స్వల్పము. నేడు ఆఱు, ఏడు తరగతులలో నేర్పుచున్న భిన్నములను రెండువందల యేండ్ల క్రిందట అనంతపురపు సీమలో నెట్లు నేర్పిరో, ఏల నట్లు నేర్పిరో విచారించుట యీ వ్యాసమున మా యుద్దేశము.

ఇందులకు ముఖ్యాధారము బళ్ళారి కలెక్టరు ఏ. డి. క్యాంబెల్ 1823 ఆగస్టులో మద్రాసు రెవెన్యూ బోర్డునకు పంపిన నివేదిక. 1816లో తెలుగు వ్యాకరణమును ప్రకటించిన క్యాంబెల్ ఇతడే. 1800లో నిజాము కుంపిణీవారికి వదలిన దత్తమండలములు తరువాత బళ్ళారి, కడప జిల్లాలుగ విభజింపబడెను. అనంతపురము 1882లో గాని బళ్ళారినుండి వేఱు జిల్లా కాలేదు. కావున 1823 నాటి బళ్ళారి లెక్కలలో నేటి అనంతపురసీమయందలి పెద్దభాగము చేరియున్నది.

ఆ నివేదిక ననుసరించి జిల్లా జనసంఖ్య 9,27,857, బడులు 533, చదువువారు 6,641. తెలుగు బడులు 226, కన్నడ బడులు 235. వేయిమందిలో నించుమించు నేడ్వురు మాత్రమే బడికి పోయిరన్నమాట. బాలిక లఱువదిమంది మాత్రమే. ఆనాటి విద్యను కొనియాడుటకు ముందీ సంఖ్యలను మనము మఱువరాదు.

ఇక బోధనాపద్ధతి. బాలుడు ఇసుకలో వ్రేలితో అక్షరములు దిద్దును. తరువాత ఎక్కములు, కూడిక, తీసివేత, హెచ్చవేత, నాణెముల మార్పులు, కొలతల మార్పులు క్రమముగ నేర్చును. అన్నిటికంటె నెక్కువ శ్రమ భిన్నములపై జరిగెడిదని క్యాంబెల్ గమనించినాడు. ఆ భిన్నములు పాశ్చాత్యుల దశాంశములవలె పదింటిచే గాక నాల్గింటిచే దిగుచుండెనని ఆతడు స్పష్టముగ వ్రాసినాడు. ప్రతిదినము రెండుమాఱులు పిల్లలు వరుసలుగ నిలిచి, పై విద్యార్థి యొకడు చెప్పగా, భిన్నములను, ఎక్కములను, కొలత, తూనిక, వైశాల్యముల పట్టికలను గొంతెత్తి వల్లించెడివారు.

ఇది కేవలము వల్లెవేతయే యని తలచుట సరికాదు. ఒకటిలో నాల్గవవంతు కాలు. అందు నాల్గవవంతు వీసము. అందు నాల్గవవంతు కాని. బేసి మెట్టులకు నిలువు గీతలు, సరి మెట్టులకు అడ్డ గీతలు గుర్తులు. రెండు నిలువు గీతల ప్రక్క మూడు అడ్డ గీతలు గీచిన రెండు కాళ్ళును మూడు వీసములును, అనగా పదునాఱింట పదునొకండు వంతులగును. రూపాయిలో నిదియే పదునొకండణాలు. దశాంశములలో నీ విలువను వ్రాయుటకు 0.6875 అని నాలుగు స్థానములు కావలెను. అంకె యుండు చోటునుబట్టి విలువ మాఱుట యను సూత్రమే యిందును గలదు. ఆధారసంఖ్య పదికి మాఱు నాలుగు, అంతియే భేదము. ఈ గుర్తులు 2008లో యూనికోడు ప్రమాణమునను స్థానము పొందినవి.

నాల్గింటి నేల యెన్నుకొనిరి? కొలతలే యందులకు సమాధానము. తెలుగునాట పలుచోట్ల వాడుకలోనుండిన ధాన్యమానములో నాలుగు గిద్దెలు సోల, నాలుగు సోలలు మానిక, నాలుగు మానికలు కుంచము, నాలుగు కుంచములు తూము. రూపాయి పదునాఱణాలు. రాశిని రెండుగ పంచి, మరల రెండుగ పంచుట కంటికిని చేతికిని తేలిక. కాని యీ పద్ధతికి లోపమును గలదు. మువ్వురికి గాని యైదుగురికి గాని పంచవలసివచ్చినచో నాల్గింటి మెట్టులు తెగక సాగుచునే యుండును. ఇరువది తూములు పుట్టి యగుటచే పైమెట్టున ఆ వరుసయు తప్పుచున్నది.

భూమి కొలతలోను భిన్నజ్ఞాన మత్యవసరమయ్యెను. తామస్ మన్రో 1802లో దత్తమండలముల సర్వే నారంభించి ముప్పదిమూడడుగుల గొలుసును వాడించెను. ఒక గొలుసు చదరము 1,089 చదరపుటడుగులు. అట్టివి నలువది చేరిన 43,560, అనగా సరిగ నొక యెకరము. ఆ చదరమే గుంట. కాలెకరము పది గుంటలు. వీసమెకరము రెండున్నర గుంటలు. ఏటికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే కురియు నీ మెట్టసీమలో చెఱువుక్రింది గుంటకును చేని గుంటకును ఫలమున నెంతయో వ్యత్యాసము గలదు. లెక్క తెలిసిన రైతు కరణమును ప్రశ్నింపగలడు. తెలియనివాడు కరణము చెప్పినదే నమ్మవలెను. ఎక్కములు నోటికి వచ్చుట యిట్టిచోట నలంకారము గాదు, ఆత్మరక్షణము.

ఈ రక్షణము కొలదిమందికే లభించినది. పేదకుటుంబములు చదువు ఖర్చు భరింపజాలక, పసిబిడ్డల కష్టముపైగూడ నాధారపడవలసి, వారిని బడి మాన్పించుచున్నారని క్యాంబెల్ వ్రాసినాడు. 533 బడులలో నొక్కదానికైన ప్రభుత్వ సహాయము లేదని సిగ్గుతో నంగీకరించినాడు. కావున గణితవిద్య కొఱవడుటకు బోధనాలోపముకంటె దారిద్ర్యమే ప్రబలకారణమని మా నిశ్చయము.

1957 ఏప్రిల్ 1న రూపాయి నూఱు నయాపైసలయ్యెను. మెట్రిక్ కొలతలు వెనువెంట వచ్చెను. ఆ మార్పు లెక్కను సులభపఱచిన మాట వాస్తవము. అయినను పావు, పరక, వీసము నేటికిని నోళ్ళలో నున్నవి. భిన్నము లనగా బెదరు బాలునకు ఉపాధ్యాయుడు మొదట నీ మాటలు చూపినచో, తెలియని విషయము తెలిసిన భాషలోనుండియే పుట్టగలదు.

1984లో కరణీకము రద్దయినది. కరణములు వ్రాసిన కడితములు, కవిలెలు పెక్కిండ్ల యటుకలపై చెదలపాలగుచున్నవి. అందలి గీతలను చదువగల వృద్ధులును తగ్గుచున్నారు. పరిశోధక విద్యార్థులు గ్రామగ్రామమునకు బోయి వానిని సేకరించి, పాఠము నిర్ణయించి, ప్రాంతీయమానములతో సరిపోల్చినయెడల ఆంధ్రుల గణితచరిత్రకు మల్లన పద్యములతోపాటు పల్లెబడి లెక్కయు నాధారము కాగలదు.