పతకం అంచున ఉన్న పేరు

ఎనిమిదో తరగతిలో సోషల్ మాస్టారు మమ్మల్ని మోటుపల్లి తీసుకెళ్లి, కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం చూపించారు. సముద్ర వర్తకులకు రాజు ఇచ్చిన మాట రాతి మీద ఉంది కనుకే మనదాకా వచ్చిందని చెప్పారు. మర్నాడు మా వాడరేవు మిత్రుడొకడు జేబులోంచి రాగి రంగు బిళ్ల ఒకటి తీసి, "ఇది కూడా శాసనమేనాండీ?" అని అడిగాడు. అందరం నవ్వాం. మాస్టారు నవ్వలేదు. బిళ్లను తిప్పి అంచు చూపించారు. అక్కడ ఒక నంబరు, హోదా, పేరు, కొన్ని పొడి అక్షరాలు ఉన్నాయి. ఆ పేరు వాడి ముత్తాతది. ఇంట్లో ఆయన్ని 'బస్రా తాత' అనేవారట. ఎందుకో ఎవరికీ తెలియదు.

నేను ఇంజనీరునై, పాత పతకాల మీద ఆసక్తి పెంచుకున్నాక ఆ పొడి అక్షరాల అర్థం తెలిసింది. అది మద్రాసు సాపర్స్ అండ్ మైనర్స్ దళం. యుద్ధభూమిలో వంతెనలు, దారులు, కందకాలు కట్టే బెంగళూరు దళమది. ముళ్లకంచెను పేల్చి దారి చేసే 'బెంగళూరు టార్పెడో'ను 1912లో తయారుచేసింది కూడా అక్కడే. మొదటి ప్రపంచయుద్ధంలో ఈ దళం మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, పనిచేసింది. మన సైనికులు ఓడ దిగిన రేవు బస్రా.

మిత్రుడు చూపించింది విక్టరీ మెడల్. ఒకవైపు రెక్కల విజయదేవత, రెండోవైపు 1914-1919 అనే సంవత్సరాలు. దానికి జతగా బ్రిటిష్ వార్ మెడల్ కూడా ఉండాలి. అదేమైందని అడిగితే, మేనత్త పెళ్లికి కరిగించి పట్టీలు చేయించారని చెప్పాడు. అందులో తప్పేమీ లేదు. అది సుమారు 30 గ్రాముల వెండి, ఇంట్లో అవసరం. కంచుది కరిగిస్తే ఏమీ రాదు కనుక మిగిలింది. చాలా ఇళ్లలో జరిగింది ఇదే. కూలిదళాల్లో వెళ్లినవారికి మాత్రం ఆ వార్ మెడల్‌ను కూడా కంచుతోనే ఇచ్చారు.

సైన్యం మనది కాదు, పంజాబు వాళ్లదని అనుకుంటాం. 1756లో క్లైవ్ వెంట మద్రాసు నుంచి బెంగాలుకు వెళ్లిన సిపాయిలను అక్కడివాళ్లు 'తిలంగాలు' అన్నారు. తర్వాత ఉత్తరాదిన సిపాయికి అదే పేరైంది. తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని నేటికీ మిలిటరీ మాధవరమంటారు. మొదటి ప్రపంచయుద్ధంలో 10 లక్షల మందికి పైగా భారతీయులు సముద్రం దాటారు. రెండో యుద్ధంనాటికి మన సైన్యం 25 లక్షలకు చేరింది.

చనిపోయినవారి పేర్లను కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ భద్రపరిచింది. వెతికితే కొందరికి తండ్రి పేరు, ఊరు కూడా దొరుకుతాయి. బతికి తిరిగొచ్చి మళ్లీ వలో నాగలో పట్టినవారు ఆ జాబితాలో ఉండరు. అలాంటివారికి చాలాసార్లు పతకం అంచే ఆధారం. రెండో యుద్ధంలో బ్రిటిష్ సైనికులకు ఇచ్చిన స్టార్లు, వార్ మెడల్ పేరు లేకుండా వచ్చాయి. భారతీయులకు ఇచ్చినవాటి మీద పేరు కొట్టించారు. అయితే తరచు ఇంటిపేరు ఉండదు, ఉన్న పేరు కూడా గుమాస్తాకు వినిపించినట్టే ఉంటుంది. ఒకే దళంలో ఒకే పేరు గలవారు ఎందరో. అందుకని పేరుకంటే నంబరు ముఖ్యం.

కాబట్టి పూర్వ విద్యార్థులకు నాదొక మనవి. నాయనమ్మ ట్రంకుపెట్టెలో ఇలాంటి బిళ్ల ఏదైనా కనబడితే చింతపండుతో తోమకండి. తోమినకొద్దీ అక్షరాలు అరిగిపోతాయి. రిబ్బను మాసినా తీసెయ్యకండి. అంచు చుట్టూ నాలుగు ఫొటోలు తీయండి. పెద్దవాళ్లు ఉండగానే ఆయన ఏ ఊరి మాట చెప్పేవాడో అడిగి రాసుకోండి. తర్వాత అమ్ముకున్నా, కరిగించుకున్నా అది మీ ఇష్టం. పేరు మాత్రం ముందు రాసిపెట్టండి.

ఈ స్వర్ణోత్సవ సంవత్సరంలో మన సంఘం అందుకొక పుస్తకం పెట్టి, బడి లైబ్రరీలో ఉంచితే బాగుంటుంది. ఖర్చు పెద్దగా ఉండదు. మొదటి పేజీలో బస్రా తాత నంబరు రాద్దాం. మిత్రుడు ఒప్పుకున్నాడు.