వంతెన దాటినవాళ్ళు

మా అమ్మాయికి ఉన్నట్టుండి లక్క గాజుల మీద మోజు పుట్టింది. "పద, లాడ్ బజారుకే వెళ్ళి కొనుక్కుందాం" అన్నాను. "పాతబస్తీకా!" అంది మొహం అదోలా పెట్టి. నాకు చురుక్కుమంది. అది పుట్టింది, ఆరేళ్ళదాకా పెరిగింది ఆ గాజుల వీధికి నడిచి వెళ్ళే దూరంలో ఉన్న శాలిబండలోనే మరి! అయినా దాన్ననుకుని ఏం లాభం? ఆ మొహం పెట్టడం నేర్పిన గురువుని నేనే.

2004లో, పెద్దాడు చంకలో ఉండగా, శాలిబండలో రెండు గదుల వాటాలో కాపురం పెట్టాం. 2014లో ఖాళీ చేసి అవతలి ఒడ్డుకి వచ్చేశాం. ఇన్నేళ్ళలో చుట్టాలొస్తే చార్మినారు చూపించడానికి తీసుకెళ్ళానేగాని, ఆ నాలుగడుగులూ ముందుకి వేసి మా గల్లీలోకి తొంగిచూసిన పాపాన పోలేదు.

ఆటో నయాపూల్ ఎక్కింది. "పాతబస్తీ అంటే ఎంత పాతదమ్మా?" అంది అమ్మాయి. నవ్వొచ్చింది నాకు. ఎందుకంటే, పుట్టినప్పుడు ఇదే కొత్త ఊరు! అప్పటికి పాతది గోల్కొండ. కోటలో జనం కిక్కిరిసిపోయారు, నీళ్ళకి కటకట. 1578లో ఇబ్రహీం కుతుబ్ షా మూసీ మీద వంతెన కట్టించాడు. అదే ఇప్పటి పురానాపూల్. కొడుకు మహమ్మద్ కులీ వరదలో ఏరు దాటి భాగమతిని చూడబోతే, తండ్రి గుండె తల్లడిల్లి కట్టించాడని కథ చెబుతారు. లెక్క చూస్తే ఆ ప్రేమికుడికి అప్పటికి పన్నెండో పదమూడో ఏళ్ళు! మా పెద్దాడు ఆ వయసులో పక్క సందుకి పాల ప్యాకెట్టు తేవడానికే బద్ధకించేవాడు.

ఆ కొడుకే రాజై, 1591లో చార్మినారు నడిబొడ్డున నిలిపి, పేష్వా మీర్ మోమిన్ చేత పథకం వేయించి, మూసీకి దక్షిణాన హైదరాబాదు కట్టాడు. వంతెన దాటి వచ్చినవాళ్ళది కొత్త నగరం, కోటలో మిగిలినవాళ్ళది పాత ఊరు అయింది. వాళ్ళూ నొచ్చుకునే ఉంటారు, పాపం.

రెండు వందల ఏళ్ళు పైన గడిచాక దాటడం ఈ ఒడ్డునుంచి ఆ ఒడ్డుకి మొదలైంది. ఉత్తరపు ఒడ్డున ఇంగ్లీషువాళ్ళ రెసిడెన్సీ లేచింది. 1806లో సికిందర్ జా పేరున సికింద్రాబాదు వెలిసింది. తరవాత 1908 సెప్టెంబరు 28న మూసీ విరుచుకుపడింది. వేలమంది కొట్టుకుపోయారు. అఫ్జల్‌గంజ్‌లో చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా ప్రాణాలు దక్కించుకున్నారు. ఆ చెట్టు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉంది. చిత్రమేమంటే, అఫ్జల్‌గంజ్ వంతెన కొట్టుకుపోయింది, ముసలి పురానాపూల్ మాత్రం నిలబడింది.

వరద తరవాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహా మీద ఎగువన చెరువులు తవ్వారు. 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. 1912లో పుట్టిన నగరాభివృద్ధి మండలి ఇరుకు బస్తీలు తీసేసి రోడ్లు వెడల్పు చేసింది. దక్షిణపు ఒడ్డుకి హైకోర్టు, సిటీ కాలేజీ వచ్చాయి. అయినా 1911లో గద్దెనెక్కిన ఉస్మాన్ అలీ ఖాన్ కాపురం మాత్రం అవతల కింగ్ కోఠీలోనే. రాజుగారు ఎటుంటే కలిగినవాళ్ళు అటే కదా! ఒక్కొక్కరే వంతెన దాటారు. ఊరు తనంతట తను పాతబడదండీ. దాటినవాళ్ళు అవతలి ఒడ్డున కూర్చుని ఆ పేరు పెడతారు.

నేను దాటకముందే పెట్టేశాను. నా మొదటి నవల శాలిబండలోనే రాశాను. పిల్లలు నిద్రపోయాక వంటింటి గడప మీద కూర్చుని రాసేదాన్ని. పత్రికలకి మాత్రం విద్యానగర్‌లో మా మరిదిగారి చిరునామా ఇచ్చేదాన్ని. శాలిబండ అని రాస్తే ఎవరేమనుకుంటారోనని! ఎవరూ ఏమీ అనలేదు. నేనే అనుకున్నాను.

మా వాటా ఉన్నచోట మూడంతస్తుల మేడ లేచింది. పక్కింటి నీలం తలుపు మాత్రం అలాగే ఉంది. తట్టాను. "ఆవో బేటా!" అంది ఖాలా, నిన్ననే వెళ్ళి ఇవాళ వచ్చినట్టు. పెద్దాడికి అర్ధరాత్రి జ్వరం ముదిరితే, నిద్రపోతున్న కొడుకుని లేపి ఆటో తీయించి ఆసుపత్రిదాకా నా పక్కన కూర్చున్న మనిషి. ఆమెకి తెలుగు రాదు, నాకు ఉర్దూ అంతంతమాత్రం. పదేళ్ళూ సగం మాటలతో, సగం సైగలతో గడిపేశాం.

చాయ్ ఇచ్చి, లోపలికెళ్ళి గుడ్డలో చుట్టిన పుస్తకం ఒకటి తెచ్చింది. ఖాళీ చేసేరోజు నేనిచ్చిన నవల! "ఇందులో మన గల్లీ ఉందని మనవరాళ్ళకి చెబుతుంటాను. ఎక్కడుందో చూపించు" అంది.

పేజీలు తిప్పుతూ కూర్చున్నాను. ఎక్కడని చూపించను? కథ జరిగింది గోదావరి ఒడ్డున. లోపలి అట్ట మీద ఉన్నది విద్యానగర్. చివరికి కలం తీసి మొదటి పేజీలో రాశాను: "ఈ నవల శాలిబండలో, ఖాలా ఇంటి పక్క వాటాలో రాసినది." మా అమ్మాయి పైకి చదివి, ఉర్దూలో అర్థం చెప్పింది.

ఖాలా ఆ ఒక్క వాక్యాన్నీ వేలితో తడిమి చూసింది. "ఇంతేనా?" అంది.

ఇంతే కాదు ఖాలా. మిగతాది ఇదిగో.